కోర్టు ధిక్కరణ, సోషల్ మీడియాలో జడ్జీలపై విమర్శ: తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద కేసులో తీర్పు వచ్చిన రోజు సాయంత్రానికల్లా ఇవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. అందుకే దశలవారీగా ఒకచోట పెట్టాం. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇది చట్టం ఎలా పనిచేస్తుందో చెప్పే సమాచారం మాత్రమే. చేతికి నోటీసు వచ్చినవాళ్లు ముందు లాయర్‌ను కలవాలి.

## పోస్టు పెట్టకముందు

తీర్పు నచ్చలేదని రాస్తే జైల్లో వేస్తారా?

వేయరు. తుది తీర్పు వచ్చిన కేసు మంచిచెడ్డల మీద సహేతుకంగా విమర్శ చేస్తే అది ధిక్కరణ కాదని కోర్టు ధిక్కరణ చట్టం, 1971లోని సెక్షన్ 5 సూటిగానే చెబుతోంది. తీర్పు తప్పని, చట్టాన్ని తప్పుగా అన్వయించారని, పేదవాడికి అన్యాయం జరిగిందని రాయొచ్చు. భాష కాస్త ఘాటుగా ఉన్నంత మాత్రాన నేరం కాదు. రాజ్యాంగంలోని ఆర్టికల్ 19(2) వాక్ స్వాతంత్ర్యానికి పెట్టిన పరిమితుల్లో కోర్టు ధిక్కరణ కూడా ఉంది. కాబట్టి 'నా ఇష్టం, నా వాల్' అన్న వాదన కోర్టులో నిలబడదు.

అయితే గీత ఎక్కడుంది? ఏ మాట రాస్తే ధిక్కరణ అవుతుంది?

సెక్షన్ 2(సి) ప్రకారం మూడు రకాల పనులు క్రిమినల్ ధిక్కరణ కిందికి వస్తాయి: కోర్టును అపకీర్తి పాలు చేయడం లేదా దాని అధికారాన్ని దిగజార్చడం, నడుస్తున్న విచారణను ప్రభావితం చేయడం, మరే విధంగానైనా న్యాయ నిర్వహణకు అడ్డుపడటం. సోషల్ మీడియా కేసులు ఎక్కువగా మొదటి రకానివి. చిక్కల్లా దాంట్లోనే. పోస్టు వల్ల నిజంగా కోర్టు పరువు పోనక్కర్లేదు, పోయేలా ఉన్నా చాలంటుంది చట్టం.

మూడు వాక్యాలు తీసుకుని చూద్దాం. 'ఈ బెయిల్ ఆర్డరులో చెప్పిన కారణం సుప్రీంకోర్టు పాత తీర్పుకు విరుద్ధం': ఇది నిఖార్సైన విమర్శ, దీనికి ఇబ్బంది లేదు. 'డబ్బున్నవాడికి ఒక న్యాయం, లేనివాడికి ఒక న్యాయం': వ్యవస్థ మీద సాధారణ వ్యాఖ్య. ఇలాంటివి రోజూ లక్షల్లో వస్తాయి, కోర్టులు పట్టించుకోవు. 'ఈ జడ్జికి ఎంత ముట్టిందో': ప్రమాదం ఇక్కడ మొదలవుతుంది. తీర్పును వదిలేసి, ఆధారం లేకుండా, తీర్పు వెనక దురుద్దేశం అంటగట్టారు. చివర ప్రశ్నార్థకం పెట్టినా, 'అట', 'అంటున్నారు' అని తగిలించినా రక్షణ రాదు. తీర్పులోని తర్కాన్ని ఎంత కడిగినా ఫర్వాలేదు, దాన్ని రాసిన జడ్జి ఉద్దేశాన్ని ఆధారం లేకుండా అంటుకోవద్దు.

ఈ గీత ఎప్పుడూ ఒకేచోట లేదన్నది కూడా నిజం. జడ్జీల్లో వర్గ పక్షపాతం ఉందన్నందుకు కేరళ కమ్యూనిస్టు నేత ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌ను సుప్రీంకోర్టు 1970లో దోషిగానే నిలిపింది, కాకపోతే వెయ్యి రూపాయల జరిమానాను 50కి తగ్గించింది. 1987 నవంబర్‌లో అప్పటి కేంద్ర న్యాయశాఖ మంత్రి పి. శివశంకర్ హైదరాబాద్‌లో న్యాయవాదుల సభలో దాదాపు అదే అర్థం వచ్చేలా, అంతకన్నా ఘాటుగా మాట్లాడారు. 1988లో అదే సుప్రీంకోర్టు ధిక్కరణ కాదంది. ఆయన అంతకుముందు హైకోర్టు జడ్జిగా చేసినవారు, అప్పుడు మంత్రి. అదే మాట అనామకుడి అకౌంట్ నుంచి వస్తే అంతే ఓపికగా వింటారన్న గ్యారంటీ లేదు.

జడ్జి గారిని వ్యక్తిగా తిడితే ధిక్కరణా, పరువు నష్టమా?

ఆ తిట్టు ఆయన న్యాయవిధికి తగిలిందా లేదా అన్నదే కొలత. పొరుగింటివాళ్లతో స్థలం తగాదాలో జడ్జిగారి ప్రవర్తన బాగోలేదని రాస్తే అది వ్యక్తిగత పరువు విషయం. ఆయన కావాలంటే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త శిక్షాస్మృతి) సెక్షన్ 356 కింద గానీ, సివిల్ దావాతో గానీ వెళ్లాలి. ఆయన విచారించే కోర్టులో న్యాయం దొరకదన్న భావం జనంలో కలిగేలా రాస్తే ధిక్కరణ. ఈ తేడాను సుప్రీంకోర్టు 1953లోనే బ్రహ్మ ప్రకాశ్ శర్మ కేసులో చెప్పింది.

నేను నిజమే రాశాను. నిజం రాసినా ధిక్కరణేనా?

2006 దాకా ఈ చట్టంలో నిజానికి చోటే లేదు. ఆ ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 13(బి) ప్రకారం, ప్రజా ప్రయోజనం ఉండి, సదుద్దేశంతో అడిగితే, నిజమనే వాదనను కోర్టు అనుమతించవచ్చు. అనుమతించి తీరాలని లేదు. పైగా నిరూపించాల్సింది మీరే. వాట్సాప్‌లో వచ్చిన ఆడియో, పేరు చెప్పని లాయర్ మాట, 'అందరికీ తెలిసిందే' లాంటివి రుజువులు కావు. ఆర్డరు కాపీలు, రికార్డులు, అఫిడవిట్ ఇవ్వగలిగిన మనిషి కావాలి. అవి పోస్టు పెట్టేనాటికే చేతిలో ఉండాలి. నోటీసు వచ్చాక వెతుక్కోవడం మొదలుపెడితే సదుద్దేశం అన్న మాటే దెబ్బతింటుంది.

కేసు ఇంకా నడుస్తోంది. దాని మీద రాయొచ్చా?

కోర్టులో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు, సరిగ్గా రాయడానికి సెక్షన్ 4 రక్షణ ఉంది. రహస్య విచారణ, కోర్టు ప్రచురణ వద్దన్న కేసు అయితే మాత్రం కాదు. 'వీడే హంతకుడు, ఉరి తీయాల్సిందే', 'ఈ సాక్షి అమ్ముడుపోయాడు' లాంటివి రిపోర్టింగ్ కావు, విచారణలో జోక్యం. క్రిమినల్ కేసు చార్జిషీటు దాఖలైనప్పటి నుంచి, లేదా కోర్టు సమన్లో వారంటో ఇచ్చినప్పటి నుంచి పెండింగ్‌లో ఉన్నట్టు లెక్క. అప్పీలు తేలేదాకా, లేదా అప్పీలు గడువు దాటేదాకా అది పెండింగే. చార్జిషీటుకు ముందైతే ఏమన్నా అనొచ్చనుకోవద్దు. దర్యాప్తు దశలో టీవీలు నడిపే విచారణ కూడా న్యాయ నిర్వహణకు అడ్డే కావచ్చని సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మృతి కవరేజీ మీద బాంబే హైకోర్టు 2021 జనవరిలో చెప్పింది.

అత్యాచార బాధితురాలి పేరు, ఊరు, కాలేజీ వంటి ఆనవాళ్లు బయటపెడితే అది ధిక్కరణతో పనిలేని వేరే నేరం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 ఉంది, బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం సెక్షన్ 23 ఉంది.

కోర్టు లైవ్ నుంచి క్లిప్ కట్ చేసి రీల్ పెట్టొచ్చా?

హైకోర్టుల లైవ్ స్ట్రీమింగ్ నిబంధనలు అనుమతి లేకుండా రికార్డు చేయడాన్ని, ఎడిట్ చేసి పంచడాన్ని నిషేధిస్తాయి. 2024 సెప్టెంబర్‌లో కర్ణాటక హైకోర్టు జడ్జి ఒకరి వ్యాఖ్యల క్లిప్పులు దేశమంతా తిరిగాక, ఆ హైకోర్టు క్లిప్పుల వాడకాన్నే ఆపింది. సుప్రీంకోర్టు ధోరణి వేరు: ఆ జడ్జి విచారం వ్యక్తం చేయడంతో వ్యవహారం ముగించి, లైవ్ ఆపేయడం మందు కాదంది. మీకు ఉపయోగపడే సంగతి ఒకటే. జడ్జి విచారణలో అడిగిన ప్రశ్న తీర్పు కాదు. ముందూ వెనకా కోసేసి, 'జడ్జి ఇలా తేల్చేశారు' అని థంబ్‌నెయిల్ పెడితే అది సరైన రిపోర్టు కాదు, సెక్షన్ 4 రక్షణ పోతుంది. ఆర్డరు కాపీ వెబ్‌సైట్‌లో పడేదాకా ఆగితే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు.

మీమ్, కార్టూన్, జోక్ కూడా లెక్కలోకి వస్తాయా?

వస్తాయి. చట్టం మాటలతో పాటు సైగల్ని, దృశ్య రూపాల్ని కూడా కలిపింది. 2020 డిసెంబర్‌లో స్టాండప్ కమెడియన్ కునాల్ కామ్రాకు ట్వీట్ల మీద, ఒక కార్టూనిస్టుకు కార్టూన్ల మీద సుప్రీంకోర్టు నోటీసులు ఇచ్చింది.

నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశానంతే. గ్రూప్ అడ్మిన్‌ని కూడా పట్టుకుంటారా?

'ప్రచురణ' అన్న మాటకు చట్టంలో చాలా విశాలమైన అర్థం ఉంది. ఫార్వర్డూ, రీపోస్టూ అందులోకి రావచ్చు. రీపోస్టు కూడా ప్రచురణేనని ఢిల్లీ హైకోర్టు 2024 ఫిబ్రవరిలో కేజ్రీవాల్ కేసులో చెప్పింది. అది పరువు నష్టం కేసే అయినా తర్కం ఇక్కడికీ పాకుతుంది. బయోలో 'రీపోస్ట్ అంటే సమర్థన కాదు' అని రాసుకోవడం అలంకారమే తప్ప కవచం కాదు. అడ్మిన్ సంగతి వేరు. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ తనంతట తాను బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో తేల్చాయి. అయితే దాన్ని పిన్ చేసినా, 'సూపర్' అని బొటనవేలు ఎత్తినా అప్పుడు మీరు అడ్మిన్‌గా కాదు, మీ సొంత చేతకు జవాబు చెప్పాలి.

## పోస్టు వైరల్ అయ్యాక

నా మీద ధిక్కరణ కేసు ఎవరైనా వేయొచ్చా?

నేరుగా వేయలేరు. సెక్షన్ 15 ప్రకారం దారులు మూడు. సుప్రీంకోర్టు గానీ హైకోర్టు గానీ సుమోటోగా, అంటే తనంతట తానే తీసుకోవడం ఒకటి. ప్రభుత్వ ముఖ్య న్యాయవాదులు, అంటే హైకోర్టు విషయంలో రాష్ట్ర అడ్వకేట్ జనరల్, సుప్రీంకోర్టు విషయంలో అటార్నీ జనరల్ లేదా సొలిసిటర్ జనరల్ తామే కదలడం రెండోది. మూడోది, వాళ్ల లిఖితపూర్వక సమ్మతితో బయటి వ్యక్తి పిటిషన్ వేయడం. కింది కోర్టును అవమానించిన కేసైతే ఆ కోర్టు హైకోర్టుకు పంపుతుంది, లేదా అడ్వకేట్ జనరల్ వేస్తారు.

ఈ సమ్మతి గేటు దగ్గరే చాలా ఫిర్యాదులు ఆగిపోతాయి. 2020 అక్టోబర్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి జస్టిస్ ఎన్.వి. రమణపై ఆరోపణలతో ప్రధాన న్యాయమూర్తికి రాసిన లేఖను బయటపెట్టారు. దాని మీద ధిక్కరణ చర్యకు సమ్మతి అడిగితే, విషయం ప్రధాన న్యాయమూర్తి ముందే ఉందంటూ అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ నిరాకరించారు. 2025 మేలో ఎంపీ నిశికాంత్ దూబే సుప్రీంకోర్టుపై చేసిన వ్యాఖ్యలు అత్యంత బాధ్యతారహితమని తప్పుపడుతూనే, ఇలాంటి మాటలకు వాడిపోయే పువ్వుల్లాంటివి కావు కోర్టులని సుప్రీంకోర్టు చర్య తీసుకోలేదు.

పోలీసులు ఎఫ్ఐఆర్ పెడతారా?

కోర్టు ధిక్కరణ చట్టం కింద పోలీసులకు ఎఫ్ఐఆర్ పెట్టే అధికారం లేదు. ఆ పని కోర్టులదే. కానీ అదే పోస్టులో బెదిరింపు, కులం పేరుతో దూషణ, అశ్లీలం ఉంటే ఆయా సెక్షన్ల కింద కేసు కడతారు. రెండు దారులూ ఒకేసారి తెరుచుకోవచ్చు.

2020లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది అదే. హైకోర్టు వరుసగా ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పులిచ్చాక జడ్జీలను తిడుతూ పోస్టులు వెల్లువెత్తాయి. మే నెలలో హైకోర్టు 49 మందికి ధిక్కరణ నోటీసులిచ్చింది. మరోవైపు రిజిస్ట్రార్ జనరల్ ఫిర్యాదులతో సీఐడీ ఎఫ్ఐఆర్‌లు నమోదు చేసింది. దర్యాప్తు కదలడం లేదని అక్టోబర్ 12న హైకోర్టు దాన్ని సీబీఐకి అప్పగించింది. నవంబర్‌లో సీబీఐ 16 మందిపై కేసు పెట్టింది, తర్వాతి ఏడాది అరెస్టులు జరిగాయి. ఇవన్నీ ఐపీసీ, ఐటీ చట్టాల కింద నడిచాయి. 'ధిక్కరణకు మహా అయితే ఆరు నెలలే కదా' అనుకున్నవాళ్లకు అసలు దెబ్బ తగిలింది ఈ రెండో దారిలోనే.

మామూలు రాజకీయ విమర్శకు కూడా యాంత్రికంగా కేసులు కట్టే పోలీసులకు కళ్లెం వేస్తూ తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రాథమిక విచారణ చేయాలని, అరెస్టుకు తొందరపడొద్దని చెప్పింది. స్టేషన్ నుంచి పిలుపు వస్తే వెంటనే వెళ్లిపోకుండా భారతీయ నాగరిక సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 35(3) కింద రాతపూర్వక నోటీసు అడగండి. మనవాళ్లు ఇంకా '41ఏ నోటీసు' అంటున్నది దీన్నే.

డిలీట్ చేసేస్తే సరిపోతుందా?

కేసు పోదు. స్క్రీన్‌షాట్ ఎవరి దగ్గరో ఉంటుంది. అయితే నోటీసు రాకముందే, తప్పు తెలిసి తీసేసి, ఎంతమంది చూశారో అంతమందికి కనిపించేలా వివరణ పెట్టడం తర్వాత చాలా పనికొస్తుంది. తీసేముందు లింక్, తేదీ, సమయం, పూర్తి పోస్టు, కింద మీరు పెట్టిన జవాబులతో సహా కాపీ దాచుకోండి. అవతలివాళ్లు ఒక్క వాక్యం కోసుకొస్తే సందర్భం చూపించడానికి మీ దగ్గర ఉండేది అదొక్కటే. నోటీసు వచ్చాక మాత్రం లాయర్‌ను అడగకుండా దేన్నీ ముట్టుకోవద్దు, ఫోన్ ఫార్మాట్ చేయొద్దు. అది సాక్ష్యం చెరిపినట్టు కనబడుతుంది.

నేను డాలస్‌లో ఉంటాను. నన్నేం చేస్తారు?

సెక్షన్ 11 ప్రకారం ధిక్కరణ ఎక్కడ జరిగినా, చేసినవాళ్లు ఎక్కడున్నా తన ధిక్కరణను, తన కింది కోర్టుల ధిక్కరణను విచారించే అధికారం హైకోర్టుకు ఉంది. అక్కడినుంచి పట్టుకొచ్చి కూర్చోబెట్టడం తేలిక కాదన్నది నిజమే. కానీ 2020 నాటి ఆంధ్రప్రదేశ్ కేసులో విదేశాల్లో ఉన్నవాళ్ల ఆచూకీ కోసం సీబీఐ ఇంటర్‌పోల్ ద్వారా బ్లూ నోటీసుల దాకా వెళ్లింది. వారంటు పెండింగ్‌లో ఉండగా శంషాబాద్‌లో దిగితే ఇమిగ్రేషన్ దగ్గరే తెలుస్తుంది. పెళ్లికో చావుకో ఇండియా రావాల్సినవాళ్లు అమెరికా వాక్ స్వాతంత్ర్యాన్ని నమ్ముకుని ఇక్కడి జడ్జీల మీద వీడియోలు చేయడం తెలివైన పని కాదు.

మూడేళ్ల కిందటి పోస్టు ఇప్పుడు తవ్వి కేసు వేస్తామంటున్నారు. కుదురుతుందా?

ధిక్కరణ జరిగిన తేదీ నుంచి ఏడాది దాటాక చర్య మొదలుపెట్టరాదని సెక్షన్ 20 చెబుతోంది. గడువులోపు పిటిషన్ దాఖలైతే చాలు, కోర్టు నోటీసు ఆలస్యంగా ఇచ్చినా ఫర్వాలేదని 2001లో పల్లవ్ సేఠ్ కేసులో తేలింది. పాత పోస్టును మీరే మళ్లీ షేర్ చేస్తే అది కొత్త ప్రచురణ అని వాదిస్తారు. 'మెమరీస్' బటన్ నొక్కేముందు ఆలోచించండి.

## నోటీసు వచ్చాక

నోటీసు వచ్చింది. మొదట ఏం చేయాలి?

నోటీసు ఫొటో తీసి సోషల్ మీడియాలో పెట్టొద్దు. చాలామంది చేసే మొదటి పని అదే, రెండో కేసుకు దారి కూడా అదే. హాజరు తేదీ, స్వయంగా రావాలన్నారా లేదా, పోస్టు కాపీ జతచేశారా అన్నవి చూడండి. జత లేకపోతే అడిగి తీసుకోవడం మీ హక్కు. స్వయంగా రమ్మన్న రోజున ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉన్న నేలపాడుకైనా, తెలంగాణ హైకోర్టు ఉన్న హైదరాబాద్‌కైనా వెళ్లాల్సిందే. రాలేని పరిస్థితి ఉంటే మినహాయింపు కోరుతూ లాయర్ ద్వారా ముందే దరఖాస్తు పెట్టాలి. చెప్పకుండా ఎగ్గొడితే వారంటు వస్తుంది. పారిపోయే అవకాశం ఉందనుకుంటే సెక్షన్ 17 కింద ఆస్తి జప్తు చేయించే అధికారం కూడా కోర్టుకు ఉంది.

జవాబు అఫిడవిట్ రూపంలో ఇవ్వాలి. మీ పోస్టు తెలుగులో ఉంటే కోర్టు చదివేది దాని ఇంగ్లీషు అనువాదం. పిటిషనర్ ఇచ్చిన అనువాదాన్ని పదం పదం సరిచూసుకోండి. వెటకారం, సామెత, యాస ఇంగ్లీషులోకి వెళ్లేసరికి నేరారోపణలా మారిపోతాయి. తేడా ఉంటే మీ అనువాదం విడిగా దాఖలు చేయండి. లాయర్ ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు హైకోర్టు న్యాయ సేవల కమిటీని అడగొచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం ఉంటుంది.

క్షమాపణ చెబితే వదిలేస్తారా?

చాలా కేసులు అక్కడే ముగుస్తాయి. సెక్షన్ 12 ప్రకారం కోర్టు సంతృప్తి చెందితే శిక్ష మాఫీ చేయొచ్చు. క్షమాపణకు షరతు ఉన్నంత మాత్రాన దాన్ని తోసిపుచ్చకూడదని కూడా అందులోనే ఉంది, సదుద్దేశం ఉంటే చాలు. ఆచరణలో చెడేది మూడుచోట్ల. మొదటిది ఆలస్యం: రెండేళ్లు వాదించి, తీర్పు ముంగిట్లో చేతులు కట్టుకుంటే నమ్మరు. రెండోది, 'ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే' అనే వాక్యం. తప్పు మీది కాదు, నొచ్చుకున్నవాళ్లది అన్నట్టుంటుంది. మూడోది, లోపల క్షమాపణ అఫిడవిట్, బయట మెట్ల మీద మీడియాతో 'నా మాటకు కట్టుబడి ఉన్నా' అనడం.

తప్పు చేయలేదని మీరు నిజంగా నమ్మితే క్షమాపణ చెప్పి తీరాలన్న రూలేమీ లేదు. 2020లో లాయర్ ప్రశాంత్ భూషణ్ రెండు ట్వీట్ల కేసులో అడిగినా క్షమాపణ చెప్పలేదు. ఆగస్టు 14న దోషిగా తేల్చి, 31న ఒక్క రూపాయి జరిమానా వేశారు. కట్టకపోతే మూడు నెలల జైలు, మూడేళ్లు సుప్రీంకోర్టులో ప్రాక్టీసు నిషేధం. ఆయన రూపాయి కట్టారు. అందరికీ రూపాయితో పోతుందనుకోవద్దు. అదే ఏడాది జడ్జీలపై ఆరోపణలు గుప్పించిన ముగ్గురికి సుప్రీంకోర్టు మూడేసి నెలల జైలు వేసింది.

శిక్ష ఎంత? అప్పీలు ఉందా?

గరిష్ఠంగా ఆరు నెలల సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2017లో హైకోర్టు జడ్జిగా ఉన్న జస్టిస్ సి.ఎస్. కర్ణన్‌కు పడింది ఆ పూర్తి ఆరు నెలలే. క్రిమినల్ ధిక్కరణను హైకోర్టులో కనీసం ఇద్దరు జడ్జీల బెంచే వినాలి. ఆ బెంచ్ శిక్షిస్తే సుప్రీంకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. సివిల్ ధిక్కరణలో (కోర్టు ఆర్డరును కావాలని పాటించకపోవడంలో) సింగిల్ జడ్జి శిక్షిస్తే 30 రోజుల్లో డివిజన్ బెంచ్‌కు వెళ్లాలి. సుప్రీంకోర్టే శిక్షిస్తే ఈ చట్టంలో అప్పీలు లేదు, తీర్పును మళ్లీ చూడమని అదే కోర్టును అడగడమే (రివ్యూ) ప్రధానంగా దిక్కు. మా దృష్టిలో ఈ చట్టంలో అతి పెద్ద లోపం ఇదే.

## తిరగేసి అడిగే ప్రశ్నలు

కోర్టు ఆర్డరు ఇచ్చినా ఆఫీసర్లు అమలు చేయడం లేదు. అది ధిక్కరణ కాదా?

అది సివిల్ ధిక్కరణ. దీనికి అడ్వకేట్ జనరల్ సమ్మతి అక్కర్లేదు. ఆర్డరు పొందిన పార్టీ నేరుగా హైకోర్టులో వేసుకోవచ్చు. ఆర్డరు సర్టిఫైడ్ కాపీని ఆఫీసరుకు అందించినట్టు రుజువు, గడువు దాటిన తేదీ, ఉద్దేశపూర్వకంగా ఆపారని చూపే ఉత్తరాలు కావాలి. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు బడి ఆవరణల్లో సచివాలయాలు కట్టొద్దన్న ఆదేశం పాటించనందుకు ఎనిమిది మంది ఐఏఎస్‌లకు జైలు శిక్ష వేసి, క్షమాపణ చెప్పాక దాన్ని సంక్షేమ హాస్టళ్లలో సేవగా మార్చింది.

జడ్జి మీద నా దగ్గర నిజంగా ఆధారాలున్నాయి. పోస్టు పెట్టకపోతే ఎవరికి చెప్పాలి?

కింది కోర్టు జడ్జి అయితే హైకోర్టుకు. ఫిర్యాదును అఫిడవిట్‌తో, సరిచూసుకోగల ఆధారాలతో కలిపి హైకోర్టు రిజిస్ట్రీకి పంపాలి. ఆకాశరామన్న ఉత్తరాలను పక్కన పడేస్తారు. సదుద్దేశంతో ఇలా చేసిన ఫిర్యాదు ధిక్కరణ కాదని సెక్షన్ 6 అంటోంది. హైకోర్టు జడ్జి మీదైతే ఆ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి గానీ, భారత ప్రధాన న్యాయమూర్తికి గానీ రాయాలి. కేసు నంబరు, తేదీ, హాల్లో ఎవరున్నారు, ఏ ఆర్డరులో ఏ పేరా అన్నవి ఉంటే రెండు పేజీలు చాలు. పంపిన రసీదు దాచుకోండి. ఆ ఫిర్యాదు కాపీని మాత్రం మీరే ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు, సదుద్దేశం మీద మొదటి అనుమానం అక్కడే వస్తుంది.